ముందు విరగాల్సిన ముక్క

మా అమ్మ మిక్సీలో గోంగూర పచ్చడి రుబ్బుతూ, మధ్యలో మూత తీసి కలిపిన చెంచాను జారులోనే మరచిపోయి మళ్లీ స్విచ్చి వేసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. వంటింట్లోంచి ఒక్కసారిగా గరగరమని శబ్దం వచ్చింది. ఆ వెంటనే మోటారు మామూలు కంటె ఎక్కువ వేగంతో, మోయడానికి ఏమీ లేనట్టు, సన్నగా ఈల వేస్తూ తిరగడం వినిపించింది. జారులో బ్లేడు మాత్రం కదలడం లేదు. అమ్మ స్విచ్చి ఆపి జారు ఎత్తి చూస్తే, మోటారు తల మీద ఉండి జారులోని బ్లేడును తిప్పే నల్లటి కప్లర్‌కు ఉన్న ఆరు పళ్లలో నాలుగు ఊడి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది.

అప్పటికే నాకు ఇంట్లో వస్తువులు విప్పే అలవాటు ఉంది. అలారం గడియారం, పాత ట్రాన్సిస్టర్, టేబుల్ ఫ్యాను ఇలా చేతికి అందినవన్నీ విప్పాను. విప్పినవాటిలో తిరిగి బిగించగలిగినవి సగం కూడా లేవన్నది మా నాన్నగారి ఫిర్యాదు, అది నిజమే. కాబట్టి మిక్సీ పాడైందని అమ్మ విచారిస్తుంటే నేను లోలోపల సంతోషించాను. దాన్ని బల్ల మీద పెట్టి, కప్లర్‌ను పట్టకారుతో పట్టుకొని, అన్ని మరలకు మల్లే ఎడమవైపుకు తిప్పడం మొదలుపెట్టాను. గంటసేపు తిప్పినా అది రాలేదు సరిగదా, ఇంకా బిగుసుకుంది. చివరికి విసుగెత్తి, బొటనవేలు బొబ్బలెక్కి, సంచీలో పెట్టుకొని తాడేపల్లిగూడెంలో మా బాబాయి కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన మిక్సీలు, గ్రైండర్లు, మోటార్లు బాగుచేసేవారు. ఆయన దాన్ని కుడివైపుకు ఒక్క దెబ్బ తిప్పితే ఊడి వచ్చింది.

"అది ఎడమ మర రా. మోటారు ఎటు తిరుగుతుందో చూసి మర కోస్తారు. తిరిగేకొద్దీ బిగుసుకోవాలి గానీ ఊడి ఎగరకూడదు కదా" అన్నారు. ఆ మాట విన్నాక సైకిలు ఎడమ పెడల్‌కు మాత్రమే తిరగమర ఎందుకు ఉంటుందో నాకు కొంత తోచింది. అంతకుముందు దాన్ని విప్పడంలో కూడా నేను ఇలాగే ఓడిపోయాను.

కొత్త కప్లర్ ఖరీదు పదిహేను రూపాయలు. మిక్సీ మొత్తం ఇనుము, రాగి, అల్యూమినియంతో చేసి, అంత బలం మోసే చోట మాత్రం మెత్తటి ప్లాస్టిక్ ముక్క పెట్టడం కంపెనీవాళ్ల పిసినారితనమని నేను తీర్పు చెప్పేశాను. బాబాయి నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. ఊడిన కప్లర్‌ను నమూనాగా చూపించి, పక్క వీధిలోని లేతు మెషీను కొట్లో ఇత్తడితో అలాంటిదే ఒకటి తీయించి, పళ్లను ఆకురాయితో నేనే రెండు రోజులు రాశాను. ఇంటికి తెచ్చి బిగించి, ఇక జన్మలో విరగదని అమ్మకు హామీ ఇచ్చాను. మొదటిసారి స్విచ్చి వేయగానే మిక్సీ బల్ల మీద వణుకుతూ పక్కకు జరిగింది. ఇత్తడి బరువుగా ఉండడం వల్ల అలా అవుతుందని సరిపెట్టుకున్నాను.

ఆ వణుకు లెక్క నాకు ఎన్నో ఏళ్ల తరువాత అర్థమైంది. మిక్సీ మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 18,000 చుట్లు, అంటే సెకనుకు 300 చుట్లు తిరుగుతుంది. చేతితో రాసిన నా కప్లర్‌లో ఒక పక్క ఒకే ఒక్క గ్రాము ఎక్కువగా ఉండి, అది ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉందనుకుంటే, ఆ వేగంలో అది ఇరుసును బయటికి లాగే బలం దాదాపు మూడున్నర కిలోల బరువుకు సమానం. ఆ లాగుడు కూడా ఒక దిక్కున నిలవదు, సెకనుకు మూడు వందల సార్లు చుట్టూ తిరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఇది పాఠ్యపుస్తకంలో అపకేంద్రబలం అనే శీర్షిక కింద ఉన్నదే. అయితే మా వంటింటి గట్టు మీద మిక్సీ నడుచుకుంటూ పోవడాన్ని ఆ శీర్షికతో కలుపుకోవడానికి నాకు అంత కాలం పట్టింది.

అయిదారు వారాలు గడిచాయి. ఒకరోజు అమ్మ ఎండుకొబ్బరి ముక్కలు వేసి తిప్పింది. ఒక ముక్క బ్లేడుకూ జారు గోడకూ మధ్య ఇరుక్కుంది. ఈసారి ఈల శబ్దం రాలేదు. మిక్సీ "హుం" అని మూలిగి ఆగిపోయింది. అమ్మ చేయి స్విచ్చి మీదకు పోయేలోపే కాలిన వాసన, దాని వెనుక తెల్లటి పొగ వచ్చాయి. నా ఇత్తడి కప్లర్‌కు గీత కూడా పడలేదు. మోటారులో తిరిగే రాగి తీగల చుట్ట, అంటే ఆర్మేచర్ మాత్రం మాడి నల్లబడింది. దానికి మళ్లీ తీగ చుట్టే రీవైండింగుకు నాలుగు వందలు అయింది. ఆ రోజుల్లో మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

బాబాయి ఆ మాడిన ఆర్మేచర్‌ను నా చేతిలో పెట్టి, "పదిహేను రూపాయలదాన్ని కాపాడి నాలుగొందలదాన్ని కాల్చావు. విరగాల్సింది విరక్కపోతే ఇదే గతి" అన్నారు. అంతకుమించి తిట్టలేదు. నేను ఇంజనీరింగులో చేరకముందే నేర్చుకున్న ఇంజనీరింగు పాఠం అదొక్కటే. తరువాత విప్పిన ప్రతి యంత్రంలోనూ నేను మొదట వెతికేది, ఇందులో ముందు విరగడానికి పెట్టిన ముక్క ఏది, అది విరగకపోతే తరువాత పోయేది ఏది అన్నదే.

మోటారు ఎందుకు కాలిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది అనుకునేట్టు కేవలం "లోడు ఎక్కువై" జరిగేది కాదు. తిరుగుతున్న మోటారు తనలో తాను ఒక జనరేటరు కూడా. తిరిగేకొద్దీ దాని తీగల్లో, వచ్చే కరెంటుకు ఎదురు తోసే వోల్టేజి పుడుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో దీన్ని వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అని చదువుకున్నాం. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టులలో ఎక్కువ భాగాన్ని ఈ ఎదురుతోపుడు ఆపుతూ ఉండడం వల్లే మిక్సీ రెండు మూడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఇరుసును బలవంతంగా ఆపిన క్షణంలో ఆ ఎదురుతోపుడు మాయమవుతుంది, కరెంటు అనేక రెట్లు పెరుగుతుంది. దీనికి తోడు మోటారును చల్లబరిచే చిన్న ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి, వేడి ఎక్కువగా పుట్టే క్షణంలోనే గాలి ఆగిపోతుంది. ప్లాస్టిక్ పళ్లు ఊడిన మొదటి రోజున ఇరుసు ఆగలేదు. బరువు తప్పినందువల్ల మరింత వేగంగా తిరిగింది, అందుకే ఆ ఈల. ఇప్పటి మిక్సీలకు అడుగున ఎర్ర బొత్తం ఉంటుంది, కరెంటు హద్దు దాటితే అది బయటికి తన్నుకొచ్చి మోటారును ఆపుతుంది. మా పాత మిక్సీకి అది లేదు. ఉన్న ఒక్క కాపలానూ నేను ఇత్తడితో తీసిపారేశాను.

ఇదే తప్పును మన ఊళ్లలో ఇంటింటా చేసేవారు, ఎవరూ దాన్ని తప్పనుకునేవారు కాదు. ఫ్యూజు పోతే ఆ తీగ ఉండే పింగాణీ కటౌటు లాగి, చేతికందిన రాగి తీగ చుట్టి మళ్లీ గుచ్చేవారు. మళ్లీ మళ్లీ పోతుంటే "లావు తీగ కట్టు" అని పెద్దలే సలహా ఇచ్చేవారు. విలియం ప్రీస్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1880లలో తీగలు ఎంత కరెంటుకు కరుగుతాయో ప్రయోగాలు చేసి ఒక సూత్రం చెప్పారు. రాగి తీగ అయితే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, వచ్చినదాన్ని 80తో గుణిస్తే కరిగే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. మిల్లీమీటరులో అయిదో వంతు లావున్న ఫ్యూజు తీగకు ఈ లెక్క వేస్తే సుమారు ఏడు ఆంపియర్లు వస్తుంది. అయిదు ఆంపియర్ల సర్క్యూటుకు అది తగినదే. ఇప్పుడు ఒక మిల్లీమీటరు రాగి తీగకు అదే లెక్క వేయండి, 80 ఆంపియర్లు. గోడలో ఉన్న తీగ అంత కరెంటును ఎన్నడూ మోయజాలదు. లావు తీగ కట్టినంత మాత్రాన ఆ ఇంట్లో ఫ్యూజు లేకుండా పోదు. అది కటౌటులోంచి గోడలోకి, కనిపించని చోటుకు, చెక్క బీరువా వెనక్కు మారుతుంది అంతే.

అందరి ఇళ్లలో ఉండి, విప్పడానికి ఒక్క స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేని యంత్రం ప్రెషర్ కుక్కర్. నేను పిల్లలకు ఏదైనా చూపించాల్సి వస్తే దీనితోనే మొదలుపెడతాను. నిరుడు సంక్రాంతి సెలవుల్లో మా అక్క పిల్లలు వచ్చినప్పుడు, కుక్కర్ విజిల్‌ను కిరాణా కొట్లోని ఎలక్ట్రానిక్ తక్కెడ మీద తూచి రమ్మన్నాను. 72 గ్రాములని రాసుకొచ్చారు. మూతలో విజిల్ కూర్చునే గొట్టం రంధ్రంలోకి డ్రిల్లు బిట్లు ఒక్కొక్కటే పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లది సరిగ్గా దిగింది, దానిపై సైజుది దిగలేదు. మూడు మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం సుమారు ఏడు చదరపు మిల్లీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరులో 0.07 వంతు. 72 గ్రాముల బరువును అంత చిన్న వైశాల్యం మీద పెడితే, ఒక్కో చదరపు సెంటీమీటరుకు కిలోకు కాస్త పైన వస్తుంది. విజిల్‌ను ఎత్తడానికి ఆవిరి అంత ఒత్తిడితో తోయాలి. బయటి గాలి ఒత్తిడి కూడా దాదాపు అంతే కాబట్టి, లోపల మొత్తం ఒత్తిడి రెట్టింపు అవుతుంది, నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కందిపప్పు త్వరగా ఉడకడానికి కారణం ఆ ఇరవై డిగ్రీలే. తూకం, కొలత, ఒక భాగహారంతో ఇదంతా వంటింట్లో తేలిపోయింది. పెద్దవాడు నమ్మలేక మళ్లీ కొట్టుకు వెళ్లి తూచుకొచ్చాడు.

అదే ఒత్తిడిని మూత మొత్తానికి లెక్కగట్టమన్నాను. ఇరవై సెంటీమీటర్ల మూత వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి దాన్ని పైకి తోసే బలం మూడు క్వింటాళ్లకు పైనే. మూత మీద నాలుగు బస్తాల ధాన్యం ఉంచితే గానీ ఆగనంత. ఈ సంఖ్య విన్నాక, ఆవిరి దిగకముందే మూతను గరిటెతో కొట్టి తీసేవారిని చూస్తే పిల్లలకే భయం వేసింది. మూతను లోపలి నుంచి బిగించే రకం కుక్కర్లలో ఈ బలాన్నే మూత మూసి ఉంచడానికి వాడుకుంటారు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ ఆవిరే మూతను అంచుకు అదిమి పట్టి ఉంచుతుంది, మనం తీద్దామన్నా రాదు. శత్రువుతోనే కాపలా కాయించడమంటే ఇదే, ఇంతకంటె తెలివైన ఆలోచనను నేను వంటింట్లో మరొకటి చూడలేదు.

విజిల్ రంధ్రానికి పప్పు పొట్టు అడ్డుపడితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. అందుకే మూత మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది. దాని నడుమ తక్కువ వేడికే కరిగే మిశ్రలోహం ఉంటుంది. లోహాలను కలిపితే వాటి కరుగు స్థానం రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. సీసం 327 డిగ్రీల దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయి. సరైన పాళ్లలో కలిపిన టంకం మాత్రం 183 డిగ్రీలకే కరుగుతుంది. ఈ గుణం వల్లే, ఎంత వేడికి కరగాలో ముందే నిర్ణయించుకొని దానికి తగిన ముక్కను తయారుచేయవచ్చు. కొన్ని మూతల అంచున చిన్న కిటికీలాంటి కోత కూడా ఉంటుంది, ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు గ్యాస్కెట్ ఆ కోతలోంచి బయటికి ఉబ్బి ఆవిరిని వదిలేస్తుంది. ముందు విజిల్, తరువాత వాల్వు లేదా గ్యాస్కెట్, పాత్ర పగలడం అన్నిటికంటె చివర. ఆ వరుసను ఎవరో కూర్చుని రాసుకున్నారన్నమాట.

ఈ వరుస రాయడానికి మనుషులు చాలా మూల్యం చెల్లించారు. ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పపాన్ 1679లో లండన్‌లో చూపించిన, ఎముకలను సైతం మెత్తబరిచే ఆవిరి పాత్ర మన కుక్కర్‌కు పూర్వీకురాలు. ఆయన దానికి ఒక మీట మీద బరువు వేలాడదీసి వాల్వు అమర్చారు. అయితే వాల్వు ఉంటే చాలదని 1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో తెలిసింది. రిచర్డ్ ట్రెవితిక్ ఆవిరి యంత్రపు బాయిలర్ అక్కడ పేలి నలుగురు పోయారు. యంత్రాన్ని ఆపినవారు వాల్వు సంగతి చూడలేదు. ఆ తరువాత ట్రెవితిక్ బాయిలర్‌లో సీసపు బిరడా పెట్టారు. నీళ్లు దాన్ని కప్పి ఉన్నంతసేపూ సీసం కరిగేంత వేడెక్కదు. నీటి మట్టం దిగిపోతే అది కరిగి ఆవిరి పొయ్యి మీద పడుతుంది. మనిషి మరచిపోతాడన్న నమ్మకంతో చేసిన ఏర్పాటు అది. మా అమ్మ చెంచా మరచిపోతుందన్న నమ్మకంతో కప్లర్ చేసినట్టే.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌ను విప్పితే ఈ ఆలోచన మరింత సన్నగా కనిపిస్తుంది. గిన్నె అడుగున తగిలే గుండ్రటి బిళ్లలో సుమారు 103 డిగ్రీలకు అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని కోల్పోయే పదార్థం ఉంటుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అన్నం నీళ్లు పీల్చుకున్నాక పైకి పోతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు టక్కుమని మీటను తన్నుతుంది. అది ఎప్పుడైనా ఇరుక్కుపోతే ఆదుకోవడానికి తీగల మధ్య, తెల్లటి గొట్టంలో దాచిన, వేడి హద్దు దాటితే తెగే థర్మల్ ఫ్యూజు ఒకటి ఉంటుంది. ఒక్కసారే పనిచేస్తుంది, పనిచేశాక కుక్కర్ చచ్చినట్టే పడి ఉంటుంది. కొన్ని రూపాయల ఆ ముక్క పోయిందని తెలియక మొత్తం కుక్కర్‌ను పాత సామాన్లవాడికి వేసేవాళ్లను చూస్తుంటాను. ఇందులో వాళ్ల తప్పు లేదు. త్యాగం చేసే ముక్కను పెట్టినవాడు, దాన్ని మార్చే దారిని కూడా పెట్టాలి. ఇంట్లో ఎవరి దగ్గరా లేని ఆకారపు స్క్రూలు బిగించి, ప్లాస్టిక్ అంచులు అతికించి పంపే యంత్రాల మీద నాకున్న కోపమంతా ఇదే.

పొలంలో మాత్రం ఈ విషయంలో తికమక ఉండదు. మా పెదనాన్నగారి అబ్బాయి ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి దున్నించేటప్పుడు, డ్రైవరు చొక్కా జేబులో నాలుగైదు బోల్టులు గలగలమంటూ ఉంటాయి. ట్రాక్టరు నుంచి నిమిషానికి 540 చుట్లతో శక్తిని తీసుకెళ్లే షాఫ్టులో ఒక బోల్టు, రాయో మొద్దో తగిలితే కోసుకుపోవడానికే ఉంది. అది తెగితే దిగి, కొత్తది వేసి, మళ్లీ ఎక్కడం పది నిమిషాల పని. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో చెక్కి ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే అది లాగుడుకు తెగే బలం మెగాపాస్కల్‌లలో వస్తుంది. చుక్క తరువాతి అంకె, అందులో ఎన్ని పదోవంతుల దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందో చెబుతుంది. 8.8 ఉండాల్సిన చోట "గట్టిది" అని 10.9 వేస్తే, నేను ఇత్తడి కప్లర్‌తో చేసిన పనే మరింత ఖరీదైన గేర్ల మీద చేసినట్టు. ఆ డ్రైవరు ఏడో తరగతితో చదువు ఆపేశారు. షోరూములో గట్టి బోల్టు ఇస్తే తల మీది అంకె చూసి వెనక్కి ఇచ్చేస్తారు.

విప్పడం మొదలుపెట్టేవారికి, ముఖ్యంగా పిల్లలకు విప్పనిచ్చేవారికి ఒక మాట. ప్లగ్గు తీసినంత మాత్రాన అన్ని యంత్రాలూ ప్రాణం లేనివి కావు. మైక్రోవేవ్ ఓవెన్‌లోని కెపాసిటరు రెండు వేల వోల్టులకు పైబడిన కరెంటును ప్లగ్గు తీశాక కూడా పట్టుకొని ఉండగలదు, పాత పిక్చర్ ట్యూబు టీవీలు కూడా అంతే. వాటి జోలికి పోకండి. మిగిలినవాటికి మా బాబాయి పద్ధతే నాకు తెలిసిన మేలైన పద్ధతి. కింద పాత పేపరు పరిచి, తీసిన వరుసలోనే ముక్కల్ని ఎడమ నుంచి కుడికి పేర్చి, ఏ మర ఏ రంధ్రంలోదో పక్కన పెన్సిలుతో రాసుకోవడం. ఫ్యాను మాత్రం వేయకూడదు.

ఇప్పుడు మా బాల్కనీలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీను ఒకటి వెనుక పలక ఊడదీసి ఉంది. ఉతికే తొట్టి అడుగున తిరిగే చక్రం కింద చిల్లర నాణెమేదో ఇరుక్కుందని విప్పాను. నాణెం దొరికింది. రెండు రూపాయలది. కానీ చక్రం ఇరుక్కున్నప్పుడు ముందు ఓడిపోవాల్సింది ఏదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. బెల్టు జారుతుందని మొదట అనుకున్నాను, కీచుమన్న శబ్దం కూడా అదే చెబుతోంది. అయితే మోటారు చుట్ట లోపల వేడికి తెగే స్విచ్చి ఒకటి కనిపించింది. ఈ రెండింటిలో ఏది ముందో తెలియాలంటే చక్రాన్ని చేత్తో బిగబట్టి, బెల్టు ఎంత బలానికి జారుతుందో స్ప్రింగు త్రాసుతో కొలవాలి. త్రాసు రేపు వస్తుంది. ఆదివారంలోగా మెషీను బిగించి ఇవ్వాలని మా ఆవిడ గడువు పెట్టింది, అప్పటిదాకా బట్టలు నేనే చేత్తో ఉతుకుతున్నాను.